నీళ్లమీద బొమ్మలాట, సైగాన్ నదిమీద భోజనం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వియత్నాం ప్రయాణం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సాయంత్రం చుట్టూ తిరిగాయి: హో చి మిన్ నగరంలో నీటి బొమ్మలాట, ఆ తర్వాత సైగాన్ నదిలో పడవ భోజనం. నగరం పేరు మారినా నదికి, ఊరివాళ్ల నోటికి ఇప్పటికీ సైగానే. జవాబుల్లో మేమూ అలాగే రాస్తున్నాం.

ప్రశ్న: ట్రావెల్ ఏజెంటు బొమ్మలాట, డిన్నర్ క్రూయిజ్ రెండూ కలిపి ఒకే సాయంత్రం ప్యాకేజీగా ఇస్తున్నాడు. నిజంగా కుదురుతాయా? (విజయవాడ)

కుదురుతాయి, కాకపోతే మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఎంత ఉందో ముందే లెక్క చూసుకోండి. సైగాన్‌లో పేరున్న నీటి బొమ్మలాట థియేటరు గోల్డెన్ డ్రాగన్. చిరునామా 55బి, న్యుయెన్ థి మిన్ ఖాయ్ వీధి, టావ్ డాన్ పార్కు పక్కన. సాయంత్రం ఆట సాధారణంగా 6:30కి మొదలై 45, 50 నిమిషాలు నడుస్తుంది. అంటే మీరు బయటికి వచ్చేసరికి 7:25 అవుతుంది. భోజనం పడవలు చాలావరకు 7:30కీ 8కీ మధ్య రేవు వదులుతాయి. థియేటరు నుంచి బాచ్ డాంగ్ రేవు మూడు కిలోమీటర్ల లోపే. ఖాళీ రోడ్డుమీద పది నిమిషాల దారి, శుక్ర, శనివారాల సాయంత్రం దానికి అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. నదీతీరానికి దగ్గర్లోని న్యుయెన్ హ్యూ వీధి పాదచారులది కావడంతో ఆ చుట్టుపక్కల కార్లు చుట్టు తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

ఈ ప్యాకేజీల్లో తరచూ జరిగే పొరపాటు రేవు దగ్గర. భోజనం పడవలన్నీ ఒకే చోటి నుంచి బయల్దేరవు. కొన్ని నగరం నడిబొడ్డున ఉన్న బాచ్ డాంగ్ రేవు నుంచి, మరికొన్ని కాలువ అవతల న్యా రోంగ్ దగ్గరి పాత సైగాన్ పోర్టు నుంచి వెళ్తాయి. కారు డ్రైవరుకు ‘క్రూయిజ్’ అని మాత్రమే చెబితే ఒక్కోసారి రెండోదానికి తీసుకెళ్లి దింపుతాడు, తప్పు తెలిసేలోగా పడవ కదిలిపోతుంది. టికెట్టు మీద ఉన్న రేవు పేరుతోపాటు మ్యాపులో దాని గుర్తు కూడా ఫోన్‌లో దాచుకోండి. 2025 జూలై నుంచి వియత్నాంలో జిల్లా స్థాయి పాలన ఎత్తేశారు కాబట్టి పాత, కొత్త చిరునామాలు రెండూ చలామణిలో ఉన్నాయి. వీధి పేరు, ఇంటి నంబరు చెబితే గొడవ ఉండదు.

పడవ 7:30కే కదిలేదైతే ఆ ప్యాకేజీ వద్దనే మా సలహా. ఆట ముగిశాక వెనకున్న వెదురు తెర పైకి లేస్తుంది. నడుము లోతు నీళ్లలో అంతసేపూ బొమ్మలు ఆడించినవాళ్లు బారుగా నిలబడి దండం పెడతారు. ఇందాకటి నుంచి నవ్వించిన చేతులు ఎవరివో అప్పుడే తెలుస్తుంది. పడవ కోసం పరుగెత్తేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఆ అర నిమిషాన్నే.

ప్రశ్న: నీళ్లలో బొమ్మ మునగకుండా, కర్ర కనపడకుండా ఎలా ఆడిస్తారు? వీడియో చూసిన దగ్గర్నుంచి మా మనవడు ఇదే ప్రశ్న. (రాజమహేంద్రవరం)

మనవడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఈ కళ గుట్టంతా నీటి కిందే ఉంది.

బొమ్మను చెక్కేది ‘సుంగ్’ అనే చెట్టు కర్రతో. అది మనకు పరాయి చెట్టేమీ కాదు, మన మేడిచెట్టే. కర్ర తేలిక, చెక్కడానికి మెత్తన, నీళ్లలో బాగా తేలుతుంది. చెక్కిన బొమ్మకు సానపెట్టి, మీద లక్కలాంటి సహజమైన లాకర్ పూతలు వరసగా వేసి, ఆపైన రంగులు అద్దుతారు. ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తుంది. వియత్నాం లాకర్ మాత్రం ఒక చెట్టుకు గాటు పెట్టి తీసే పాలు. నీళ్లు కర్రలోకి దిగకుండా కాపాడేది ఈ పూతే. ఎక్కడైనా పగిలితే కర్ర నీళ్లు తాగి బరువెక్కుతుంది, బొమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే రోజూ ఆడే బొమ్మలకు పదేపదే పూత వేస్తూనే ఉండాలి. చాలా బొమ్మలు 30 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటాయి, బరువు ఒకటి నుంచి ఐదు కిలోలు.

బొమ్మలో రెండు భాగాలుంటాయి. పైన కనిపించేది ఒళ్లు. కింద నీళ్లలో దాగి ఉండేది తెప్పలాంటి చెక్క, ఒళ్లు నిటారుగా తేలడానికి ఆధారం అదే. ఈ తెప్పను మూడు నాలుగు మీటర్ల పొడవైన వెదురు గడ చివర బిగిస్తారు. గడ నీటిమట్టానికి కిందుగా, తెర వెనక నిలబడ్డ ఆటగాడి చేతిదాకా వెళ్తుంది. గడతో బొమ్మను ముందుకూ వెనక్కూ నడుపుతారు. తెప్పకు తోకలా ఉండే చుక్కానితో పక్కకు తిప్పుతారు. గడ వెంబడి వచ్చే దారాలు లాగితే చేతులు, తల కదులుతాయి. ఇది ఒక పద్ధతి. రెండో పద్ధతిలో నీళ్ల అడుగున పాతిన గుంజల మధ్య తాళ్లు తిప్పి కడతారు. తాడు లాగుతుంటే పడవలు గానీ, ఊరేగింపు బొమ్మలు గానీ బారుగా సాగిపోతాయి. వరసగా నాట్యం చేసే దేవకన్యల్లో చాలామంది నిజానికి ఒకే చట్రం మీద బిగించిన బొమ్మలు. ఒక్క మనిషి చట్రం తిప్పితే అందరూ ఒకేసారి తిరుగుతారు.

నీళ్లు ఆకుపచ్చగా, మడ్డిగా ఉండటం శుభ్రం చేయక కాదు, కావాలనే అలా ఉంచుతారు. నీరు తేటగా ఉంటే గడలు కనిపించిపోతాయి. ఆ మడ్డినీరే దీపాల వెలుగును అద్దంలా పైకి కొట్టి బొమ్మ ముఖానికి మెరుపు తెస్తుంది. ఇక ఆడించడంలో కష్టం ఏమిటంటే, నీరు ప్రతి కదలికకూ ఎదురు తోస్తుంది. గడ ఇవతల కొంచెం కదిపితే అవతల బొమ్మ ఆలస్యంగా, ఎక్కువగా కదులుతుంది. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కగట్టి తాళానికి సరిపోయేట్టు తోయాలి. పైగా సన్నటి వెదురు పుల్లల తెర సందుల్లోంచే ఆటగాడు బొమ్మను చూడగలడు.

ఉత్తర వియత్నాంలో చలికాలం చన్నీళ్లలో గంటలకొద్దీ నిలబడాల్సి వచ్చేది. ఒంట్లో వేడి కోసం పాతకాలపు ఆటగాళ్లు దిగేముందు చేపల సాస్ తాగేవారని చెబుతారు. ఇప్పుడు ఛాతీదాకా వచ్చే రబ్బరు దుస్తులు వేసుకుంటున్నారు.

ప్రశ్న: మాది అనంతపురం వైపు. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూస్తూ పెరిగాం. ఈ ఆట ఎప్పటిది? మన ఆటతో పోలిక ఉందా?

ఉత్తర వియత్నాంలో ఎర్రనది డెల్టాలోని వరి ఊళ్లలో పుట్టిన ఆట ఇది. ఊరి చెరువే రంగస్థలం. 1121లో వేయించిన దోయ్ కొండ గుడి శాసనంలో రాజు ముందు నీళ్లమీద బంగారు తాబేలు తేలివచ్చి ఆడిన ప్రదర్శన వర్ణన ఉంది. లిఖితంగా దొరికే పాత ఆధారం అదే. తర్వాత ఊరూరా ఆటగాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. పెళ్లై వేరే ఊరు వెళ్తే గుట్టు బయటపడుతుందని ఆడపిల్లలకు విద్య నేర్పేవారు కాదు. ఇప్పుడు థియేటర్లలో ఆడవాళ్లూ నీళ్లలో దిగి ఆడిస్తున్నారు.

తయారీలో పోలిక లేదు. మనది తోలు, దీపం, తెరమీద నీడ. వారిది కర్ర, నీరు, తెర ముందుకొచ్చే బొమ్మ. మన ఆటలో రామాయణ భారతాలు రాత్రంతా సాగుతాయి, వారివి రెండు మూడు నిమిషాల చిన్న ఘట్టాలు. కానీ మన ఆటలో నవ్వించే జుట్టుపోలిగాడిని, బంగారక్కను ఎరిగినవాళ్లకు వారి ఆటలో నవ్వించే చూ తేవును ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. బొజ్జ కనిపించేలా తెరిచి వేసిన చొక్కా, గుండ్రటి బుగ్గలు, పెద్ద నవ్వు. ఆట మొదట్లో వచ్చి జనాన్ని పలకరించి, నాలుగు వేళాకోళాలాడి, జరగబోయేది చెప్పి వెళ్తాడు. పెద్దమనుషుల్ని ఏడిపించే హక్కు ఊరి ఆటలో ఎవరికో ఒకరికి ఉండి తీరాలి. అక్కడ అది తేవుది.

ప్రశ్న: భాష తెలియకపోతే అర్థమవుతుందా? మూడేళ్ల పాపతో వెళ్తున్నాం, ఏ వరసలో కూర్చోవాలి? (హైదరాబాద్)

మాటలు, పాటలు అన్నీ వియత్నామీస్‌లోనే. అయినా అర్థమవుతుంది, ఎందుకంటే సగం ఘట్టాలు పొలం పనులే. దున్నడం, నాటడం, నీళ్లు తోడటం, దున్నపోతు మీద కూర్చుని పిల్లనగ్రోవి ఊదే కుర్రాడు, చేపల వేట, కప్పల వేట. ముసలి దంపతులు కాసే బాతుల మీద నక్క పడే ఘట్టానికి పిల్లలందరూ లేచి నిలబడతారు. బాతును నోట కరుచుకుని నక్క గబగబా చెట్టెక్కేస్తుంది. మెడలు పెనవేసుకున్న ఫీనిక్స్ పక్షుల జంట మధ్య గుడ్డు తేలి, దాన్లోంచి పిల్ల బయటికొస్తుంది.

ముందుగా చెప్పి తీసుకెళ్లాల్సిన కథ ఒక్కటే ఉంది. 15వ శతాబ్దంలో లే లోయ్ చైనా మింగ్ రాజుల సైన్యాలను తరిమి 1428లో రాజయ్యాడు. యుద్ధానికి తోడొచ్చిన దివ్యఖడ్గాన్ని చెరువులో తేలివచ్చిన బంగారు తాబేలుకు తిరిగి ఇచ్చేశాడని కథ. హనోయ్ నడుమ ఉన్న హోన్ కియెమ్ సరస్సు పేరుకు అర్థమే ‘ఖడ్గం తిరిగిచ్చిన సరస్సు’. ఇది తెలియకపోతే రాజుగారి పడవ, తాబేలు ఘట్టం ఊరికే దాటిపోతుంది.

మొదటి వరసలో నీళ్లు చిందుతాయి. పిల్లలకు సరదాయే, కెమెరాకు కాదు. బొమ్మలు నీటిమట్టంలో ఉంటాయి కాబట్టి బాగా వెనక్కి వెళ్తే ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. మూడు నుంచి ఐదో వరస మధ్యలో అడగండి. ఫ్లాష్ కొడితే నీళ్లమీద తెల్లటి మరక తప్ప ఫొటోలో ఏమీ రాదు, ఆటగాళ్లకూ ఇబ్బంది. డ్రాగన్లు నోటినుంచి నీళ్లతోపాటు నిప్పురవ్వలూ చిమ్ముతాయి, టపాసుల చప్పుడు, కాస్త పొగ ఉంటాయి. పాప చప్పుళ్లకు బెదిరేదైతే నడవ పక్క సీటు తీసుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లు ముందు వరసలు వదిలేయండి.

ఒక పక్కగా కూర్చునే వాద్యగాళ్లను కూడా చూడండి. ఒకే తీగతో మోగే దాన్ బావు గొంతు మనిషి మూలుగుకు ఎంత దగ్గరగా ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. పడవలో తిండి దొరుకుతుందా? (తిరుపతి)

దొరుకుతుంది, కానీ ముందే ఏర్పాటు చేసుకుంటేనే. బుకింగ్ సమయంలో చెబితే చాలా పడవలు విడిగా శాకాహార మెనూ ఇస్తాయి. ఎక్కాక అడిగితే ప్లేటులోంచి రొయ్యలు తీసేసి అదే కూర పెడతారు. తప్పు వారిది కాదు. ‘మాంసం వద్దు’ అంటే అక్కడివారికి చేపలు, రొయ్యలు వద్దని అర్థం కాదు.

వాడాల్సిన మాట ‘చయ్’. బౌద్ధ సంప్రదాయంలోని శాకాహారానికి వియత్నాంలో అదే పేరు. ‘తోయ్ అన్ చయ్’ అంటే ‘నేను శాకాహారం తింటాను’ అని. పొట్టిగా పలకండి. మన అలవాటు కొద్దీ ‘చాయ్’ అని సాగదీస్తే అది సీసా అవుతుంది. ఫోన్‌లో వియత్నామీస్ లిపిలో రాయించి చూపించడం ఇంకా నయం.

కంటికి కనిపించకుండా వచ్చేవి మూడు. మొదటిది చేపల సాస్, ‘నుఅక్ మమ్’. చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం. మనం కూరలో ఉప్పు వేసినంత మామూలుగా వేస్తారు, అద్దుకునే చట్నీలోనూ ఉంటుంది. దానికి బదులు సోయా సాస్ అడగండి. రెండోది ఆకుకూరల వేపుడులో వేసే ఆయిస్టర్ సాస్. ప్లేటులో పచ్చటి ఆకులే కనిపిస్తాయి, సాస్ మాత్రం ఆల్చిప్పలది. మూడోది సూపు. పుట్టగొడుగుల సూపైనా కాచింది ఎముకల నీళ్లతో అయి ఉండొచ్చు. వేరుశనగ పడనివాళ్లు కూడా ముందే చెప్పాలి, సలాడ్ల మీద దంచిన పలుకులు చల్లడం అక్కడ మామూలు.

మా మాట వింటే, శాకాహారులు డిన్నర్ క్రూయిజ్‌కు పెట్టే డబ్బు భోజనానికి కాదు, కిటికీలోంచి కనిపించేదానికి అనుకోండి. సైగాన్‌లో చయ్ హోటళ్లు ఎన్నో ఉన్నాయి, వాటిలో పడవ భోజనం కన్నా రుచిగా, చాలా తక్కువ ఖర్చుతో తినొచ్చు. చాంద్రమాసంలో పాడ్యమి, పున్నమి రోజుల్లో ఊళ్లో చాలామంది చయ్ తింటారు కాబట్టి ఆ రోజుల్లో రకాలూ ఎక్కువే.

అలా చేస్తే నదిని చూడటానికి ఇంకో దారి ఉంది. బాచ్ డాంగ్ నుంచి సైగాన్ వాటర్ బస్ నడుస్తుంది. 2017లో మొదలైన సిటీ బస్సు లాంటి పడవ, టికెట్టు 15,000 దోంగ్‌లు, మన డబ్బులో యాభై రూపాయలు. సూర్యాస్తమయం అక్కడ కాలాన్నిబట్టి 5:30కీ 6:20కీ మధ్య. ఐదింటి ప్రాంతం పడవలో కూర్చుంటే నదిమీద సంజె చూసి ఆటకు వెళ్లొచ్చు. శని, ఆదివారాల్లో ఆ వేళకు సీట్లు అయిపోతాయి కాబట్టి మధ్యాహ్నమే టికెట్టు తీసుకోండి.

ప్రశ్న: హనోయ్, సైగాన్ రెండూ వెళ్తున్నాం. బొమ్మలాట ఎక్కడ చూడాలి? (డల్లాస్)

హనోయ్‌లో. అది ఈ ఆట పుట్టిన నేల. హోన్ కియెమ్ సరస్సు ఒడ్డునే ఉన్న థాంగ్ లాంగ్ థియేటరులో రోజూ ప్రదర్శనలుంటాయి. ఖడ్గం కథ చూసి బయటికొస్తే ఎదురుగా ఆ సరస్సే. ఇంకొంచెం తీరిక ఉంటే హనోయ్ శివారులోని దావ్ థుక్ గ్రామం వాకబు చేయండి. అక్కడ ఊరి చెరువులోనే ఆడతారు, బృందంగా ముందే చెప్పుకోవాలి. నది భోజనం సైగాన్‌కు ఉంచుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పడవ ఎక్కగలరా? బుక్ చేసేముందు ఏమేం అడగాలి? (విశాఖపట్నం)

పడవలో కుదుపు గురించి భయం వద్దు. ఇది సముద్రం కాదు, పెద్ద పడవలు నెమ్మదిగా సాగుతాయి. ఇబ్బంది ఎక్కడంలో ఉంది. సైగాన్ నదికి సముద్రపు పోటుపాటులు తగులుతాయి, నీటిమట్టం రెండు మీటర్లకు పైగా పెరిగి తగ్గుతుంది. పోటు వేళ రేవు నుంచి పడవకు వేసిన మెట్లబల్ల దాదాపు సమంగా ఉంటుంది, పాటు వేళ నిట్రంగా కిందికి దిగుతుంది. బుక్ చేసేటప్పుడే కింది డెక్‌లో, ద్వారానికి దగ్గరగా టేబుల్ అడగండి. పై డెక్‌కు సాధారణంగా ఇరుకు మెట్లే ఉంటాయి. అందరికంటే పావుగంట ముందు వెళ్తే తోపులాట లేకుండా చేయి పట్టుకుని ఎక్కించొచ్చు. పడవ వెనక భాగంలో డీజిల్ వాసన, ఇంజను చప్పుడు ఎక్కువ కాబట్టి మధ్యలో కూర్చోవడం మంచిది.

అడగాల్సిన వాటిలో ముఖ్యమైనది దారి. ఎగువకు వెళ్లే పడవలు 2022లో తెరిచిన బా సన్ తీగల వంతెన కిందుగా, థు థియెమ్ వంతెన దాటి, 461 మీటర్ల ల్యాండ్‌మార్క్ 81 దగ్గరికి వెళ్తాయి. దిగువకు వెళ్లేవి న్యా రోంగ్ భవనాన్ని, పాత పోర్టును దాటి ఫూ మీ వంతెన వైపు సాగుతాయి. 1911 జూన్‌లో హో చి మిన్ ఓడలో వంటవాళ్లకు సాయం చేసే పనిలో చేరి దేశం విడిచింది న్యా రోంగ్ రేవు నుంచే. ఇప్పుడక్కడ ఆయన మ్యూజియం ఉంది. దీపాల వరస కావాలంటే ఎగువ దారి నయం. ఏ పక్క కూర్చోవాలన్న బెంగ అక్కర్లేదు, వెళ్లేటప్పుడు ఎడమవైపు ఉన్న నగరం వచ్చేటప్పుడు కుడివైపుకు వస్తుంది.

ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే దాని మీద సర్వీసు చార్జీ, పన్ను అదనంగా పడతాయని అర్థం. నీళ్ల సీసా, జ్యూసులు ధరలో ఉన్నాయో లేదో కూడా అడగండి. ఆ బిల్లే చివర్లో మనసు కష్టపెడుతుంది. లక్ష దోంగ్‌లంటే సుమారు 330 రూపాయలు. సున్నాలు ఎక్కువ కాబట్టి 20,000 నోటు, 500,000 నోటు రెండూ నీలిరంగువే అన్నది చీకట్లో డబ్బిచ్చేటప్పుడు గుర్తుంచుకోండి.

ప్రశ్న: సెప్టెంబరులో వెళ్తున్నాం. వాన పడితే? (గుంటూరు)

అక్కడ మే నుంచి నవంబరు దాకా వానాకాలం. జల్లు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత కొట్టి గంటలో వెలిసిపోతుంది. ఆట జరిగేది హాల్లో కాబట్టి ఇబ్బంది లేదు. పడవలో పై డెక్ బుక్ చేసుకుంటే, వాన పడితే కింద చోటిస్తారో లేదో ముందే రాయించుకోండి. వాన వెలిసిన వెంటనే కార్లు దొరకడం కష్టం, కాబట్టి తిరుగు కారును ఆట మొదలవకముందే మాట్లాడుకోండి. ఆ నెలల్లో నదిమీద గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా తేలుతూ పోతుంటే, పోటుకు ఎగువకు, పాటుకు దిగువకు వాటి ప్రయాణాన్నిబట్టి నది ఏ దిక్కుకు నడుస్తోందో తెలుసుకోవచ్చు.

ప్రశ్న: చూ తేవు బొమ్మ కొని తేవాలనుంది. ఏది చూసి కొనాలి? (నెల్లూరు)

థియేటరు బయటా, మార్కెట్లలోనూ అమ్మేవి చాలావరకు అలంకారానికి చేసినవి. మీద మామూలు రంగు ఉంటుంది, లాకర్ పూత ఉండదు. బకెట్టులో తేల్చి ఆడించాలని చూస్తే రంగు ఊడి కర్ర పగుళ్లు విచ్చుతుంది. చేతులు, తల కదిలే కీలు దగ్గర దారం బిగువుగా ఉందో లేదో నాలుగుసార్లు ఆడించి చూడండి. కొత్త పెయింటు వాసన ఘాటుగా ఉంటే అది ఇంకా ఆరనట్టే, ప్లాస్టిక్‌లో చుడితే అంటుకుపోతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, చేతులు ఒంటికి ఆనించి దారంతో కట్టి, బట్టల మధ్య పెట్టుకోండి. ఇంటికొచ్చాక ఎండ తగిలే కిటికీకి దూరంగా ఉంచండి.